పాలు పొంగేదాకా ఆగిన మాట

జైలు నుంచి బయటికొచ్చాక నేను వెతుక్కోవాల్సినవి రెండే. ఉండడానికి ఒక గది, బతకడానికి ఒక పని. ఒకటి దొరికితే రెండోది దానంతట అదే దొరుకుతుందని లోపల ఉన్నన్నాళ్ళూ అందరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకునేవాళ్ళం. బయటికొచ్చి చూస్తే అంతా తలకిందులు. గది అడిగితే "పనేం చేస్తావు?" అంటారు. పని అడిగితే "ఎక్కడుంటావు?" అంటారు. ఈ రెండు ప్రశ్నల మధ్య జంషెడ్‌పూర్ అంతా తిరిగి తిరిగి కొత్త చెప్పులు అరగదీశాను.

ఏ కేసు అంటారా, దాచేదేం లేదు. ఒక గొడవలో ఒకడి చెయ్యి విరిగింది. విరగ్గొట్టింది నేనే. కోర్టు శిక్ష వేసింది, ఆఖరి రోజుదాకా అనుభవించి వచ్చాను. అడిగినవాళ్ళకి ఇంతే చెప్తాను, ఇంతకు మించి అడిగితే నాకు కోపం వస్తుంది. అది ఇంకా పూర్తిగా పోలేదు.

ముందు మా అప్ప ఇంట్లో దిగాను. మా వైపు అక్కని అప్ప అంటాం. సిద్ధగోరాలో రెండు గదుల ఇల్లు, అందులో అప్ప, బావ, వాళ్ళబ్బాయి, కోడలు, ఉయ్యాల్లో మనవరాలు. నాకు వరండాలో మంచం వేశారు. నేను తెలుగులో మంచినీళ్ళు అడిగితే కోడలు హిందీలో "లాతీ హూఁ మామాజీ" అని తెచ్చిచ్చేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ళు అనకపోయినా, వరండాలో నేనుంటే బావ స్కూటరు బయట వర్షంలో తడుస్తోందని నాకు కనపడుతూనే ఉంది.

ఊరికే కూర్చుని తినడం నావల్ల కాక ఒకరోజు "ఇవాళ చారు నేను పెడతాను" అన్నాను. చెప్పడం మరిచాను, జైల్లో నన్ను వంటశాలలో వేశారు. అక్కడికి వెళ్ళేదాకా నాకు టీ కాయడం కూడా రాదు. వంట నేర్చుకున్నది అక్కడే, నేర్చుకున్నదంతా వందల మందికి సరిపడా. స్టూలు ఎక్కి నిలబడి గుండిగలో తెడ్డు తిప్పాలి. ఉప్పు దోసిళ్ళతో వెయ్యాలి, కారం డబ్బాతో వెయ్యాలి. నా చేతికి తెలిసిన కొలతలు అవే. అప్ప వంటింట్లో చిన్న గిన్నె ముందు నిలబడ్డానన్న సంగతి నాకు తెలుసు, చేతికి తెలియలేదు. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి వెళ్ళి కుళాయి కింద నోరు పెట్టాడు.

"ఏటిరా ఆ సారు?" అని అప్ప తల పట్టుకుంది. "ఇంట్ల ఉన్నది ఎందరం, నువ్వేసింది ఎందరికి?"

ఆ రోజు నుంచి నన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు.

పని సంగతి ఇంకా బాగుంది. ఉక్కు కంపెనీలో కాంట్రాక్టు పనికి వెళ్తే గేట్ పాస్ కావాలన్నారు. గేట్ పాస్ కావాలంటే పోలీసుల దగ్గర నుంచి కాగితం తెమ్మన్నారు. నాకు నవ్వాగలేదు. నా గురించి పోలీసుల దగ్గరున్నన్ని కాగితాలు ఇంకెవరి దగ్గరా లేవు, కాకపోతే వాళ్ళడిగే కాగితం అందులో లేదు. ఒక టిఫిన్ దుకాణంలో పెట్టుకున్నారు గానీ, మొదటి రోజే నేను చేసిన కొబ్బరి చట్నీ సాయంత్రందాకా మిగిలింది. యజమాని దారినపోయేవాళ్ళని పిలిచి పిలిచి ఊరికే పోసి, మర్నాటి నుంచి నన్ను రావద్దన్నాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు.

గది వెతుకులాటకి అప్ప నాకు ఒక పాఠం చెప్పి పంపింది.

"సూరత్‌ల ఉన్నానని సెప్పు. మిల్లుల పని సేసినానని సెప్పు. ఎవుడడుగుతాడు?"

ఎవడో ఒకడు అడుగుతాడని నాకు తెలుసు. కద్మాలో మొదటి ఇంటాయనే అడిగాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు సూరత్ మిల్లుల్లోనే పనిచేశాడట. నా మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ వేశాడు. ఏ పేటలో ఉండేవాడివన్నాడు. రైల్వే స్టేషన్ దగ్గరన్నాను. ఏ వైపన్నాడు. రెండు వైపులా అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి టీ తెచ్చిచ్చాడు. టీ ఇచ్చాడు గానీ గది ఇవ్వలేదు.

ఆ రోజే అనుకున్నాను, ఇంక అబద్ధం వద్దని. అబద్ధం చెప్పడం తప్పని కాదు, నాకు అంత బాగా రాదని. తర్వాత వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ముందే నిజం చెప్పేశాను. ఒకాయన గది నిన్ననే ఇచ్చేశానన్నాడు, ఆయన నెత్తి మీదే 'ఇల్లు అద్దెకు' బోర్డు వేలాడుతోంది. ఒకావిడ తలుపు వేసి, కిటికీలోంచి "భయ్యా, బురా మత్ మాన్‌నా" అంది. బాధపడొద్దంటోంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మిగతా అందరి మీదా వచ్చింది.

భుయ్యాడీహ్‌లో ఒక ముసలావిడ దగ్గర గది ఖాళీగా ఉందని బావకి ఎవరో చెప్పారు. నది వైపు సందు. ఇంటి వెనక విడిగా ఒక గది, పైన రేకులు, గోడ మీద నడుం ఎత్తున ఏదో ఏడాది వరద వచ్చినప్పటి మరక. కిటికీ తెరిస్తే గాలి ఎదురొచ్చింది. అంత గాలి ఒక్కసారిగా నా ఒక్కడి మీదకి వచ్చి ఎన్నాళ్ళైందో. గదిలో అడుగు పెట్టగానే ఇది నాదైతే బాగుండునని అనిపించింది, అలా అనిపించగానే భయం పట్టుకుంది.

ఇంటావిడ పలాస వైపు మనిషి. పెళ్ళయ్యి రైల్వేలో పనిచేసే భర్తతో ఇక్కడికొచ్చి, ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. మా ఊరి ముసలమ్మల్లాగే చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. అడ్డపొగ అంటారు. నోట్లో చుట్ట ఉన్నంతసేపూ చేతుల్తోనే మాట్లాడుతుంది, తీస్తే మాత్రం సందంతా వినాల్సిందే.

"తాగుతావా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మాంసం?"

"తింటానమ్మా."

"తిను. నాకూ ఓ ముక్క ఎయ్యి. పాటలు గట్టిగా పెడతావేటి?"

"నాకు పాటల పెట్టే లేదమ్మా."

ఆవిడ బాగానే ఉందన్నట్టు తలూపింది. ఎక్కడున్నావు, ఏం చేశావు అని మాత్రం అడగలేదు. అడుగుతుందని చూశాను. అడగకపోయేసరికి నేనే గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, మీకు ముందే ఒక మాట సెప్పాల."

ఆవిడ చుట్ట తీసి చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసింది. "మంచి మాటా, సెడ్డ మాటా?"

"మంచిదైతే కాదమ్మా."

"అయితే ఇప్పుడు సెప్పకు. పాలు పొంగని ఇంట్ల సెడ్డ మాట ఆడకూడదు. ఆదోరం పాలు పొంగించు, అప్పుడు సెప్పు."

మా వైపు కొందరికి ఈ పట్టింపు ఉంది. కొత్తగా చేరే ఇంట్లో పాలు పొంగేదాకా చావులు, రోగాలు, కోర్టులు, కొట్లాటలు ఏవీ నోట రాకూడదు. మా అమ్మ కూడా అలాగే చేసేది. అద్దె గదులకి ఈ రోజుల్లో ఎవరూ అంత పట్టింపుగా ఉండరు గానీ, ఈవిడ ముందు నా మాట చెల్లుతుందా!

ఆదివారం వచ్చేలోగా గదికి సున్నం వేశాను. బ్రష్షు గోడ మీద ఉండగానే ఆవిడ వచ్చి నిలబడితే "అమ్మా, ఆ మాట..." అన్నాను. చుట్ట నోట్లో ఉంది, చెయ్యి పైకెత్తి ఆగమంది. తలుపు గొళ్ళెం బాగుచేస్తున్నప్పుడు మళ్ళీ ఎత్తాను. ఆవిడ మాటకి అడ్డొచ్చి "మూల సరిగా పడలేదు, ఇంకో పూత ఎయ్యి" అని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పి తలుపు వేయించుకోవడం అలవాటైన మనిషిని. చెప్పనివ్వకపోవడం మాత్రం నేనెక్కడా చూడలేదు.

అప్పతో అంటే నవ్వింది.

"దేవుడే నీ నోరు మూయించీసినాడు, ఊరుకోరా."

"రేపు తెలిసినాక మోసం సేసినాననుకోదా?"

"మోసమేటి? సెప్తానంటే ఒద్దన్నది ఆవిడే కదా."

అప్ప అన్నది నిజమే, అయినా నాకు మనసొప్పలేదు. గోడ తెల్లగా అయ్యేకొద్దీ, కిటికీలోంచి సాయంత్రం కంపెనీ వైపు ఆకాశం ఎర్రబడడం చూసేకొద్దీ, ఆ గది పోతుందేమోనన్న బెంగ పెరిగింది. పోయేదైతే సున్నం వెయ్యకముందే పోవాల్సింది.

ఆదివారం అప్ప కోడల్ని వెంటబెట్టుకుని తెల్లారగానే వచ్చింది. పాలు పొంగించేది ముత్తైదువ కదా. పక్కన ఐదిళ్ళకి పరమాన్నం పంచాలని, పాలు, బియ్యం, బెల్లం, నెయ్యి, జీడిపప్పు తెమ్మని నన్ను పంపింది. ఐదిళ్ళే, చిన్న పని. ఖటాల్‌కి, అంటే గేదెల పాకకి, వెళ్ళి పాలు పొయ్యమన్నాను. పాలాయన కొలిచి కొలిచి, ఇంకా పొయ్యమంటుంటే తలెత్తి "శాదీ హై క్యా?" అన్నాడు. పెళ్ళి కాదు, చిన్న పని అన్నాను. బియ్యం దుకాణంలోనూ అలాగే. ఇంటికొచ్చాక ఆ పాలు పట్టే గిన్నె అప్ప దగ్గర లేదు, ఇంటావిడ దగ్గరా లేదు. సందు చివర పెళ్ళివంటల మేస్త్రి ఉన్నాడు, ఆయన దగ్గర గుండిగలుంటాయని ఇంటావిడ చెప్తే, వెళ్ళి ఆయన భార్యనడిగి ఒకటి దొర్లించుకొచ్చాను. ఇటుకలు పేర్చి గది ముందు పొయ్యి వేశాను. చేతిలోకి తెడ్డు వచ్చాక మనసు కుదుటపడింది.

ముందుగా నా గదిలో చిన్న గిన్నెలో పాలు పెట్టారు. అప్ప తూర్పుకి తిరిగి కూర్చుంది. ఇంటావిడ గడప బయటే నిలబడింది. తాను లోపలికి రాకూడదని తనకి తనే పెట్టుకున్న నియమం. కానీ పాలు తూర్పు వైపుకి పొంగి పొయ్యి మీదకి జారగానే అందరికంటే గట్టిగా "పొంగింది! పొంగింది!" అని అరిచింది ఆవిడే. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నేను వెంటనే "అమ్మా, ఇప్పుడు..." అన్నాను.

"నలుగురి నోరూ తీపి అవ్వనీరా ముందు."

అప్పుడు బయటికొచ్చిన అప్ప గుండిగలోకి తొంగి చూసి కెవ్వుమంది.

"ఓలమ్మో! ఇదేటిరా?"

"ఐదిళ్ళకన్నావు కదప్పా."

"ఇది ఐదూళ్ళకి సాల్తాది కదరా, దిక్కుమాలినోడా!"

నేనూ చూశాను. నిజమే. తెడ్డు నిలబెడితే నిలబడేంత పరమాన్నం. పాలు పొంగించిన రోజు వండింది పారెయ్యకూడదు, మర్నాటికి ఉంచకూడదు. పాలు పొంగించడంలో అప్పకీ ఇంటావిడకీ ఉన్న పట్టింపులన్నీ కలిస్తే సందంతా పంచడం ఒకటే దారి. ఇంటావిడ చుట్ట తీసి సందులోకి నడిచి, ఒక్కో గుమ్మం ముందూ నిలబడి, తెలుగు ఇళ్ళల్లో తెలుగులో, మిగతా ఇళ్ళల్లో తనకొచ్చిన హిందీలో, గిన్నెలు తెచ్చుకోమని కేకేసింది. బిహారు వాళ్ళు, ఒడియా వాళ్ళు, బెంగాలీ వాళ్ళు, సంతాలీ వాళ్ళు, అందరూ స్టీలు గిన్నెలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చేశారు, ఒకావిడైతే ఏకంగా కుక్కరే తెచ్చింది. అప్ప కోడలు "మామాజీ, పూరా మొహల్లా ఆ గయా" అని, సందంతా వచ్చేసిందని పడీ పడీ నవ్వింది. నేను స్టూలు తెప్పించుకుని ఎక్కాను. అంత సంతోషంగా నేను ఎప్పుడున్నానో గుర్తు లేదు. వడ్డిస్తున్నాను, వాళ్ళు తింటున్నారు, మళ్ళీ వస్తున్నారు. పక్కన లాఠీతో ఎవరూ లేరు.

అంతలో మేస్త్రి వచ్చాడు, తన గుండిగ ఎవరు పట్టుకుపోయారా అని వెతుక్కుంటూ. మర్నాడు రైల్వే కాలనీలో పెళ్ళి. ఆయన దగ్గర పనిచేసే పెద్ద వంటవాడు ఊరెళ్ళి ఫోన్ ఆపేసుకున్నాడట. చిరాగ్గా ఉన్నాడు. అప్ప ఆయన చేతిలో గిన్నె పెట్టింది. రెండు చెంచాలు తిని, గిన్నె పక్కన పెట్టి, నా చేతిలో తెడ్డు లాక్కుని గుండిగ అడుగున గీకి చూశాడు. ఎక్కడా మాడలేదు.

"ఇంత పరవాన్నం అడుగంటకండా దింపీసినావేటి! ఎక్కడ వండీవోడివిరా తమ్ముడూ?"

సందంతా వింటోంది. ఇంటావిడ మెట్టు మీద కూర్చుని ఉంది, నోట్లో చుట్ట. అప్ప నా వైపు చూసి కళ్ళతోనే వద్దంది. ఇంకెక్కడో అని ఒక్క మాట అంటే గదీ ఉంటుంది, పనీ దొరికేలా ఉంది. కానీ ఆవిడ ఎదురుగా, ఆవిడ చప్పట్లు కొట్టిన రోజున అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"జైల్లో" అన్నాను.

ఎదురింట్లో ఉండే రిటైరైన గ్యాంగ్‌మన్ ముందుకొచ్చాడు, చేతిలో గిన్నెతో. అది ఆయనకి రెండో గిన్నె.

"జైలోడా! ఏటమ్మా ఇది? నలుగురు ఆడకూతుళ్ళుండే సందు. ఇలాటోడికా గది ఇచ్చీది? నానొప్పుకోను!"

ఇంటావిడ తాపీగా చుట్ట తీసింది.

"ముందు ఆ గిన్ని కింద పెట్టి మాటాడు."

ఆయన గిన్నెలోకి చూసుకున్నాడు. నెయ్యి తేలుతోంది, పైన జీడిపప్పు ఉంది. సందు వైపు చూశాడు. మళ్ళీ గిన్నెలోకి చూసుకున్నాడు. పెట్టలేదు. ముందు కుక్కరావిడ నవ్వింది, తర్వాత కోడలు, తర్వాత అందరూ. ఆయన మొహం ఎర్రగా చేసుకుని, "నానేదో అడిగినానంతే" అంటూ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటావిడ లేచి నిలబడింది. "పాలు పొంగీసినాయి. అందరూ తిన్నారు. పాలు పొంగినింట్లోంచి మనిషిని గెంటకూడదు, ఇంటికి మంచిది కాదు. మా అత్త సెప్పింది, ఆళ్ళత్త ఆవిడకి సెప్పింది. ఇంకేటైనా ఉంటే నన్నడగండి."

ఎవరూ అడగలేదు. మేస్త్రి మాత్రం నా చొక్కా పట్టుకుని పక్కకి లాగాడు. ఆయనకి జైలు సంగతి చెవికెక్కినట్టే లేదు.

"సాంబారొచ్చా?"

"వచ్చన్నా. తక్కువమందికి వండడమే రాదు."

"తక్కువమందికి నానెందుకు వండుతాను? రేపు తెల్లారకండా వచ్చీ. గుండిగ కడిగి తే."

అందరూ వెళ్ళాక గుండిగని కుళాయి దగ్గరికి దొర్లించుకెళ్ళి తోముతున్నాను. అప్ప లోపల నా మంచం వేస్తోంది. ఇంటావిడ వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నా ఎదురుగా గొంతుక్కూచుంది.

"అమ్మా, ముందే సెప్దామనుకున్నాను" అన్నాను.

"తెలుసురా. నీ మొకం సూసిన్నాడే జైలో ఏదో ఉన్నాదనుకున్నాను." గొంతు తగ్గించి మాట్లాడడం ఆవిడకి అలవాటు లేదు, ఆ రోజు తగ్గించింది. "ముందే సెప్పీసుంటే ఇచ్చీదాన్ని కాదు నాయినా. ఒంటిగా ఉన్నదాన్ని, నాకూ బయమే. నిన్ను సూత్తే ఇవ్వాలనీ ఉన్నాది. అందుకే పాలు ముందు పొంగనిచ్చీసినాను. పొంగీసినాక ఇంక నా సేతుల లేదు కదా."

నా చేతిలో పీచు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నేను నిజం చెప్పి ఎదుటివాళ్ళకి పరీక్ష పెట్టాననుకున్నాను. ఈవిడ తన భయం తనే ముందు తెలుసుకుని, దానికి తనే అడ్డం కట్టేసుకుంది, నాకోసం. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఓలమ్మ! ఇయ్యాల ఏడవకూడదు" అని గాభరాగా నా భుజం మీద కొట్టింది. "ఏడవాలంటే రేపు ఏడు."

"రేపు నాకెక్కడ కాళీ ఉందమ్మా, తెల్లారకండా పెళ్ళి వంట" అన్నాను, అడుగు తోముతున్నట్టు గుండిగలోకి తల దూర్చేసి.